హెచ్‌ఆర్ టెక్నాలజీతో ఎంగేజ్‌మెంట్, వెల్‌బీయింగ్: యాప్ కొనే ముందు నుంచి ఫలితం చూసేదాకా

అమ్మను ఆసుపత్రిలో చేర్చి, వరండాలో నిలబడే ఒక ఉద్యోగి మూడు రోజుల సెలవు పెట్టబోయాడు. హెచ్‌ఆర్ యాప్ తెరిచాడు. పాస్‌వర్డ్ గడువు తీరిపోయింది. కొత్తది పెట్టుకోవడానికి ఓటీపీ ఆఫీసు మెయిల్‌కు వస్తుంది, ఆ మెయిల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తప్ప తెరుచుకోదు. తోటి ఉద్యోగికి ఫోన్ చేసి ఎలాగో లోపలికి వెళ్తే, అక్కడున్న సెలవు రకాల్లో ఏది నొక్కాలో తెలియలేదు. ఏదో ఒకటి నొక్కాడు. అది మేనేజర్‌కు వెళ్లింది. ఆయనా సెలవులోనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే అదే యాప్ నుంచి నోటిఫికేషన్ వచ్చింది: 'ఈరోజు మీ మూడ్ ఎలా ఉంది?' కింద ఐదు బొమ్మ ముఖాలు.

నేను పనిచేసిన ఒక చోట జరిగిందిది. ఆ మూడ్ ఫీచర్ కొందామని పట్టుబట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

అప్పటి నుంచి ఎవరు ఏ కొత్త టూల్ చూపించినా, మన దగ్గర సెలవు పెట్టడానికి ఎంతసేపు పడుతోందో ముందు చెప్పమని అడగడం అలవాటైంది. ఈ మార్గదర్శి వరుస కూడా అదే. ముందు చిరాకులు తీసేద్దాం, తర్వాత మనుషుల్ని అడుగుదాం, కొలతలు ఆ తర్వాత. ఇద్దరు ముగ్గురే ఉన్న హెచ్‌ఆర్ టీమ్‌కైనా ఇందులో సగానికి పైగా పని స్ప్రెడ్‌షీట్‌తో, మామూలు ఆన్‌లైన్ ఫారంతో జరిగిపోతుంది.

1. ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

ఎంగేజ్‌మెంట్ అనగానే మనకు ఉంగరాలే గుర్తొస్తాయి కానీ, ఆఫీసు భాషలో ఆ మాటకు వేరే చరిత్ర ఉంది. 1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు ఒక వేసవి శిబిరంలోనూ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థలోనూ పనిచేసేవాళ్లను దగ్గరగా గమనించాడు. మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు కుదరాలని తేల్చాడు. చేసే పనికి అర్థం ఉందనిపించాలి. ఉన్నమాట చెబితే తన మీదకు రాదన్న ధీమా ఉండాలి. పని చేయడానికి ఒంట్లో, మనసులో ఓపిక మిగిలి ఉండాలి.

టెక్నాలజీని ఈ మూడింటి పక్కన పెట్టి చూడండి. ఓపిక మిగల్చడంలో అది బాగా పనికొస్తుంది: క్యూలు, ఫారాలు, ఫాలోఅప్‌లు తగ్గిస్తుంది. ధీమా విషయంలో ఎటైనా తెగే కత్తి. పనికి అర్థం మాత్రం ఏ యాప్‌లోంచీ రాదు, అది పనిలోంచి, మేనేజర్ తీరులోంచి రావాలి. అమ్మేవాళ్లు మూడూ ఇస్తామంటారు. నేనైతే ఓపిక మిగల్చేదానికే డబ్బు పెడతాను.

వెల్‌బీయింగ్, అంటే ఒంటి, మనసు బాగు, దగ్గరా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదం పొందిన జబ్బుల అంతర్జాతీయ జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ను జబ్బుగా చూపలేదు. పనిచోట ఎంతకీ చక్కబడని దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. అంటే మూలం పనిలో ఉంది. దాన్ని ముట్టుకోకుండా ధ్యానం యాప్ చేతిలో పెడితే పుండొక చోట ఉంటే మందొక చోట రాసినట్టే. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది చెప్పిన సమాధానాలు పరిశీలించి 2024లో ఒక పత్రం ప్రచురించాడు. వెల్‌బీయింగ్ యాప్‌లు, రిలాక్సేషన్ క్లాసులు, ఒత్తిడిని తట్టుకునే ట్రైనింగ్‌లలో పాల్గొన్నవాళ్లు పాల్గొననివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ కనిపించలేదు. స్వచ్ఛంద సేవకు అవకాశం ఇవ్వడం ఒక్కటే కాస్త తేడా చూపింది.

కాబట్టి 'ఎంగేజ్‌మెంట్ పెంచాలి' అని రాసుకోకండి. 'రాత్రి షిఫ్ట్ వాళ్లకు వచ్చే వారం రోస్టర్ (షిఫ్టుల పట్టిక) ఆదివారం సాయంత్రం దాకా తెలియడం లేదు' అని రాయండి. ఇలాంటి వాక్యాన్ని పరిష్కరించవచ్చు.

2. చిరాకుల లెక్క తీయండి

ఒక పూట కేటాయించండి. హెచ్‌ఆర్‌తో సంబంధం లేని ఉద్యోగిని, కొత్తగా చేరినవాళ్లయితే మరీ మంచిది, పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల సొంత ఫోన్‌లోనే, ఆఫీసు వైఫై ఆపేసి, ఈ పనులు చేయమనండి: సెలవు పెట్టడం, పోయిన నెల పేస్లిప్ తీసుకోవడం, బ్యాంకు ఖాతా మార్చడం, ఖర్చుల బిల్లు పెట్టడం, షిఫ్ట్ మార్చుకోవడం, జీతం సర్టిఫికెట్ అడగడం. మీరు నోరు మెదపకండి. ఇదే అన్నింటికన్నా కష్టం. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో, ఎప్పుడు 'ఇదేంటి?' అన్నారో రాసుకోండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఆమోదం ఎంతమంది చేతులు మారింది అన్నది కూడా.

ఆ కాగితం చూశాక చాలావరకు కొత్త యాప్ అక్కర్లేదని తెలుస్తుంది, ఉన్నదాంట్లో సెట్టింగులు మార్చితే చాలు. ఓటీపీ సొంత ఫోన్ నంబరుకు వెళ్లేలా చేయండి. సెలవు పేజీలో ఎక్కువగా వాడే రెండు మూడు రకాలే ముందు కనిపించాలి. మేనేజర్ సెలవులో ఉంటే ఆమోదం దానంతటదే ఇంకొకరికి వెళ్లాలి. అత్యవసర సెలవైతే ఆమోదం కోసం ఆగకుండా ముందు నమోదైపోవాలి, ప్రశ్నలు తర్వాత. ఒక్కొక్కటీ చూడ్డానికి చిన్నదే. వరండాలో నిలబడ్డ మనిషికి చిన్నది కాదు.

చాట్‌బాట్ పెట్టాలనుకుంటే రాతపూర్వకంగా పాలసీ ఉన్న ప్రశ్నలకే పరిమితం చేయండి. వేధింపులు, జబ్బు, ఇంట్లో చావు లాంటి మాటలు కనిపించగానే అది తప్పుకుని మనిషి పేరు, నంబరు చూపించాలి. మొదటి స్క్రీన్ మీదే 'మనిషితో మాట్లాడాలి' అన్న బటన్ ఉండాలి, మూడు మెనూల లోపల దాచకూడదు.

కంప్యూటర్ ముందు కూర్చోనివాళ్ల సంగతి వేరుగా చూడండి. నర్సులు, డ్రైవర్లు, దుకాణాల్లో నిలబడేవాళ్లు, ఫ్యాక్టరీ లైన్ మీద ఉండేవాళ్లు. వీళ్లలో చాలామందికి ఆఫీసు మెయిలే ఉండదు, కానీ హెచ్‌ఆర్ కబుర్లన్నీ మెయిల్‌లోనే వెళ్తుంటాయి. గోడ మీద క్యూఆర్ కోడ్, మామూలు ఎస్ఎంఎస్, విశ్రాంతి గదిలో ఒక ట్యాబ్లెట్ చాలు. వాళ్ల వాడుక భాషలో ఉంటే ఇంకా నయం.

ఇలాంటివాళ్లకు టెక్నాలజీ చేయగల పెద్ద మేలు రోస్టర్‌లో ఉంది. అమెరికాలో గ్యాప్ దుస్తుల దుకాణాల్లో 2015-16లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. యాదృచ్ఛికంగా ఎంపికైన దుకాణాల్లో షిఫ్టుల వేళలు స్థిరంగా ఉంచి, ఉద్యోగులు తమలో తాము యాప్‌లో షిఫ్ట్ మార్చుకునే వీలు కల్పించారు. ఆ దుకాణాల మధ్యగత అమ్మకాలు 7 శాతం పెరిగాయి. మేనేజ్‌మెంట్‌ను ఒప్పించాల్సి వస్తే ఈ అంకె దగ్గర పెట్టుకోండి. రేపు ఎప్పుడు పనికి వెళ్లాలో తెలిసిన మనిషి పిల్లల స్కూలు, డాక్టరు అపాయింట్‌మెంటు సర్దుకోగలడు. ఎంత వెల్‌నెస్ వారోత్సవం జరిపినా దానికి సాటిరాదు.

3. అడగండి, కానీ చేయగలిగిందే అడగండి

సర్వే టూల్స్ ఇప్పుడు కుప్పలు. టూల్ ఏదైనా ఈ మెట్టు దగ్గరే ఎక్కువ మంది జారతారు, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ప్రతి ప్రశ్న పక్కన ఒక గడి గీసి, 'దీనికి చెడ్డ సమాధానం వస్తే ఎవరు, ఏ తేదీలోగా, ఏం చేస్తారు?' అని రాయండి. గడి ఖాళీగా మిగిలితే ఆ ప్రశ్న కొట్టేయండి. జీతాలు పెంచే ఆలోచనే లేనప్పుడు 'జీతం పట్ల తృప్తిగా ఉన్నారా?' అని అడిగితే లేని ఆశ పుట్టించి నీళ్లు చల్లినట్టవుతుంది.

నాలుగైదు ప్రశ్నల చిన్న సర్వే మూడు నెలలకోసారి సరిపోతుంది. వారం వారం అడిగే టూల్స్ ఉన్నాయి. కానీ వారంలో మీరేమీ మార్చలేరు కదా, ఉద్యోగికి అది ఇంకో పనిలా తోస్తుంది. వెల్‌బీయింగ్ తెలుసుకోవడానికి మీరు ప్రశ్నలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1998 నుంచి వాడుకలో ఉన్న డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని 4తో గుణిస్తే 100కు స్కోరు వస్తుంది. 50కి దిగువన ఉంటే ఇంకాస్త లోతుగా చూడాలన్న సంకేతం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: అది ఆరోగ్య సమాచారం. టీమ్ మొత్తం సగటుగా తప్ప ఒక్కో మనిషి స్కోరు మీ దగ్గరకు రాకూడదు.

అనామకత గురించి ఒక లెక్క చూపిస్తాను. ఒక టీమ్‌లో తొమ్మిది మంది ఉన్నారు. సర్వే ఫలితాలు చూపే డాష్‌బోర్డ్‌లో టీమ్ సగటు పదికి 7 అని ఉంది. మేనేజర్ 'చేరి ఏడాది దాటినవాళ్లు' అన్న ఫిల్టర్ నొక్కాడు. ఎనిమిది మంది, సగటు 7.5. టూల్‌లో నియమం పక్కాగా ఉంది, ఐదుగురికి తగ్గితే ఫలితం చూపించదు. ఎనిమిది అంతకన్నా ఎక్కువే కాబట్టి చూపించింది. ఇప్పుడు లెక్క కట్టండి: 9 ఇంటూ 7 అంటే 63, 8 ఇంటూ 7.5 అంటే 60. మిగిలిన 3 ఎవరిది? కొత్తగా చేరిన ఆ ఒక్కరిదే. పేరు ఎక్కడా లేదు, అయినా బయటపడిపోయింది. అందుకే కనీస సంఖ్య నియమం ఫిల్టర్‌లో కనిపించేవాళ్లకే కాదు, ఫిల్టర్ బయట మిగిలినవాళ్లకూ వర్తిస్తుందా అని టూల్ అమ్మేవాళ్లను అడగండి. తెల్లమొహం వేస్తే మేనేజర్లకు ఫిల్టర్లు ఇవ్వడం మానేయండి.

కామెంట్ల సంగతి ఇంకా సున్నితం. ఒకసారి నేనున్న చోట ఒక కామెంట్ చూడగానే ఒక మేనేజర్ 'ఈ మాట వాడేది ఒక్కడే' అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఫ్లోరంతా పాకింది. తర్వాతి సర్వేలో కామెంట్ల గడి దాదాపు ఖాళీ, రాసిన ఒకరిద్దరూ 'అంతా బాగుంది' అనే రాశారు. అప్పటి నుంచి కామెంట్లు యథాతథంగా కిందికి పంపడం మానేశాం. హెచ్‌ఆర్‌లో ఒకరు చదివి, సారాంశాన్ని తమ మాటల్లో రాసి పంపుతారు. ఈ పనికి ఏఐ వాడుకోవచ్చు, పెద్ద సంఖ్యలో ఉన్న కామెంట్లను అంశాలవారీగా విడగొట్టడంలో అది సాయపడుతుంది. అయితే ఎగతాళిని పొగడ్తగా తీసుకునే గుణం దానికుంది. 'అబ్బో, మా మేనేజర్ దేవుడు' అన్నది పొగడ్త కిందే జమ కావచ్చు. కాబట్టి ఆఖరి చూపు మనిషిదే కావాలి.

'ఈ సంస్థను మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా?' అని 0 నుంచి 10 దాకా అడిగే ఈఎన్‌పీఎస్ వాడేవాళ్లకు ఒక మాట. అందులో 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 6, అంతకన్నా తక్కువ ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. పది మంది టీమ్‌లో ఒక్కరు 9 నుంచి 6కు దిగితే చాలు, స్కోరు 20 పాయింట్లు పడిపోతుంది. చిన్న టీమ్‌ల మీద ఆ అంకెతో ర్యాంకులు వేయకండి.

ఫలితాలు వచ్చిన రెండు వారాల్లోపు అందరికీ చెప్పండి. మీరేం విన్నారు, ఇప్పుడేం మారుస్తున్నారు, ఏది మార్చలేరు, ఎందుకు. మార్చలేనిదాన్ని చెప్పడానికి అందరూ వెనకాడతారు. నేను చూసినంతలో 'క్యాబ్ రూటు మార్చలేం, కారణం ఇది' అన్న ముక్కే ఎక్కువ నమ్మకం తెచ్చింది.

4. మేనేజర్ చేతికి ఏమివ్వాలి

డాష్‌బోర్డ్ ఇస్తే అంకె పెంచే మార్గం వెతుకుతాడు. ఒక ప్రశ్న, ఒక రిమైండర్ ఇవ్వండి. క్యాలెండర్‌లో ప్రతి ఒక్కరితో పదిహేను రోజులకోసారి అరగంట వన్ ఆన్ వన్ (ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం), పోయినసారి ఏం మాట ఇచ్చాడో గుర్తుచేసే ఉమ్మడి నోట్. అందులో ఇద్దరూ రాయవచ్చు, ఇద్దరూ చదవవచ్చు. ఉద్యోగికి కనపడని రహస్య నోట్లకు టూల్‌లో చోటే ఉండకూడదు.

మెచ్చుకోలు యాప్‌లు, పాయింట్లు, బ్యాడ్జీలు నాకు అంతగా ఎక్కవు. మొదటి నెల పండగలా ఉంటుంది, మూడో నెలకు ఒకరికొకరు పాయింట్లు ఇచ్చిపుచ్చుకోవడం మొదలవుతుంది. పెట్టుకుంటే పాయింట్లు తీసేసి, ఎవరు ఏ పనికి ఎందుకు థాంక్స్ చెబుతున్నారో రెండు వాక్యాలు రాసే చోటు ఉంచండి.

5. పనివేళలకు గోడ కట్టండి

వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తప్రసరణ తగ్గే జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. అటెండెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ గంటల లెక్క ఇప్పటికే మీ దగ్గర ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లను పట్టుకోవడానికే దాన్ని వాడుతున్నాం. వరుసగా మూడు వారాలు గంటలు మితిమీరిన టీమ్‌ల జాబితా తీసి, ఆ టీమ్ మేనేజర్ పై అధికారికి పంపేలా మార్చండి. మనుషులు చాలట్లేదా, గడువు తప్పుగా పెట్టారా అన్న చర్చ అక్కడ జరగాలి. ఉద్యోగికి 'మీరు ఎక్కువ పనిచేస్తున్నారు, విశ్రాంతి తీసుకోండి' అని మెసేజ్ పంపడం పుండు మీద కారం చల్లడమే.

రాత్రి మెయిళ్ల విషయంలో ఫోక్స్‌వాగన్ ఉదాహరణ పాతదే అయినా ఇప్పటికీ బాగుంటుంది. 2011లో జర్మనీలోని కొందరు ఉద్యోగులకు షిఫ్ట్ ముగిసిన అరగంట నుంచి మర్నాటి షిఫ్ట్‌కు అరగంట ముందు దాకా వాళ్ల బ్లాక్‌బెర్రీ ఫోన్లకు మెయిళ్లు వెళ్లకుండా సర్వర్‌లోనే ఆపేసింది. మెర్సిడెస్ కార్ల సంస్థ డైమ్లర్ 2014లో ఇంకో అడుగు వేసింది. సెలవులో ఉన్న ఉద్యోగి కోరుకుంటే, ఆ రోజుల్లో వచ్చిన మెయిళ్లు వాటంతటవే డిలీట్ అయిపోయి, పంపినవాళ్లకు ఎవరిని సంప్రదించాలో జవాబు వెళ్లేలా పెట్టింది. తిరిగొచ్చేసరికి మెయిళ్ల గుట్ట ఉండేది కాదు. చట్టాలూ ఇటే వస్తున్నాయి: పని తర్వాత ఫోన్ ఎత్తనక్కర్లేదన్న హక్కు ఫ్రాన్స్‌లో 2017 జనవరిలో, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది.

అంత దూరం వెళ్లలేకపోతే, సాయంత్రం తర్వాత రాసిన మెయిల్ మర్నాడు ఉదయం వెళ్లేలా డిఫాల్ట్ సెట్టింగ్ పెట్టండి. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేస్తారు. ఫోన్ చేయడానికి కాస్త మొహమాటం అడ్డొస్తుంది, ఆ మొహమాటమే మనకు కావలసింది. ముందు పై అధికారులకు ఈ సెట్టింగ్ పెట్టండి, కింద దానంతటదే తగ్గుతుంది.

6. మానసిక సాయం: దారి చూపి పక్కకు తప్పుకోండి

కౌన్సెలింగ్ సేవను బయటి సంస్థతో పెట్టుకోండి. బుకింగ్ వాళ్ల సైట్‌లోనే జరగాలి, సొంత మెయిల్‌తోనూ నమోదు చేసుకునే వీలుండాలి, ఆఫీసు క్యాలెండర్‌లో కనిపించకూడదు. మీకు నెలకు ఎంతమంది వాడారన్న ఒక్క అంకె చాలు. అది కూడా చిన్న సంస్థయితే మూడు నెలలకోసారి. ప్రాణం మీదకొచ్చిన సందర్భంలో పిలవాల్సిన నంబరు లాగిన్ అక్కర్లేకుండా కనిపించాలి. ఈ నంబరును పాలసీ పత్రం పద్నాలుగో పేజీలో పెట్టే తెలివితేటలు కూడా చూశాను.

7. దాటకూడని గీతలు

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హెచ్ అండ్ ఎం అనే దుస్తుల సంస్థ సేవా కేంద్రంలో, సెలవు నుంచో జబ్బు నుంచో తిరిగొచ్చిన ఉద్యోగిని టీమ్ లీడర్లు పలకరించేవాళ్లు. చూడ్డానికి ఆప్యాయతే. కానీ ఆ కబుర్లలోని జబ్బు లక్షణాలు, ఇంటి గొడవలు కంప్యూటర్‌లో నమోదయ్యేవి, యాభై మంది దాకా మేనేజర్లు చదవగలిగేవాళ్లు. 2019 అక్టోబర్‌లో ఒక సెట్టింగ్ పొరపాటు వల్ల కొన్ని గంటల పాటు అవి సంస్థ అంతటికీ కనిపించడంతో బయటపడింది. ఏడాది తర్వాత హాంబర్గ్ డేటా రక్షణ అధికారి దాదాపు 3.53 కోట్ల యూరోల జరిమానా వేశారు. పలకరింపు తప్పు కాదు. దాన్ని ఫైలు చేయడంతో అంతా చెడింది.

ఇంకో ఉదాహరణ ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎంత వాడుతున్నారో కొలిచే మైక్రోసాఫ్ట్ ప్రొడక్టివిటీ స్కోర్. 2020 నవంబర్‌లో ఒక్కో ఉద్యోగి పేరుతో వాడకం లెక్కలు చూపిస్తోందని విమర్శలు వచ్చాయి. కొద్ది రోజులకే పేర్లు తీసేసింది. ఐరోపా ఏఐ చట్టం ప్రకారం 2025 ఫిబ్రవరి 2 నుంచి పనిచోట ఉద్యోగుల భావోద్వేగాలను ఏఐతో పసిగట్టడం నిషిద్ధం, వైద్య, భద్రతా కారణాలకే మినహాయింపు. వీడియో కాల్‌లో ముఖం చూసి మూడ్ చెబుతామనే టూల్ ఎవరైనా అమ్మబోతే, మీ దేశంలో చట్టం ఉన్నా లేకపోయినా వద్దనండి.

'ఉద్యోగి ఒప్పుకున్నాడు కదా' అన్న వాదన కూడా అంత గట్టిది కాదు. జీతమిచ్చే చేయి అడిగితే కాదనడం కష్టం. ఐరోపాలో డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద ఉద్యోగి సమ్మతిని స్వేచ్ఛగా ఇచ్చినదిగా అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఎవరు రాజీనామా చేస్తారో ముందే ఊహించే మోడళ్ల విషయంలోనూ నాదిదే అభిప్రాయం. పేర్ల జాబితా మేనేజర్ చేతికి వెళ్తే, వెళ్లాలనుకోనివాణ్ణి కూడా అనుమానంతో చూసి పంపించేస్తాడు. ఏ విభాగంలో, ఏ కారణంతో ఎక్కువమంది వెళ్తున్నారన్న దాకా చాలు.

8. కొనడం, పైలట్

ఒకే విభాగంతో పైలట్, అంటే చిన్న ప్రయోగం, మొదలుపెట్టండి, మూడు నెలలు. ఆ విభాగంలో కొత్తదేదొచ్చినా సణిగే మనిషిని పైలట్ కమిటీలో తప్పక వేయండి, లోపాలన్నీ ఉచితంగా చెప్పేస్తారు. ఒప్పందం మీద సంతకానికి ముందు డేటా ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, మానేస్తే ఎలా చెరిపేస్తారు అన్నవి రాతలో తీసుకోండి. ఇప్పుడున్న పేరోల్‌తో కలవదంటే ఎంత బాగున్నా వదిలేయండి. ఒకే వివరాన్ని రెండు చోట్ల నింపించే టూల్‌ను మనుషులు రెండో వారంలోనే వదిలేస్తారు.

9. పనిచేసిందో లేదో చూడటం

లాగిన్‌ల సంఖ్య చూసి మురిసిపోకండి. సెలవు యాప్‌లోకి ఎక్కువసార్లు రావాల్సి వస్తోందంటే అది పనిచేయట్లేదనే. సెలవుకు పట్టే నిమిషాలు, రోస్టర్ ఎన్ని రోజుల ముందు తెలిసింది, మితిమీరిన గంటల టీమ్‌లు ఎన్ని, చేరిన ఏడాదిలోపే మానేసినవాళ్లు ఎందరు, సర్వేకు జవాబిచ్చినవాళ్ల శాతం. ఇవి చాలు.

వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చితే మోసపోతారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ 2016లో తన ఉద్యోగుల్లో దాదాపు 5,000 మందితో వెల్‌నెస్ కార్యక్రమాన్ని లాటరీ పద్ధతిలో పరీక్షించింది. చేరడానికి ముందుకొచ్చినవాళ్లు మొదటి నుంచే ఆరోగ్యంగా, తక్కువ వైద్య ఖర్చుతో ఉన్నవాళ్లని తేలింది. అవకాశం దక్కినవాళ్లకూ దక్కనివాళ్లకూ మధ్య ఏడాది తర్వాత వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మీరు లాటరీ అంత పెద్దగా చేయక్కర్లేదు. పైలట్ అయ్యాక అన్ని విభాగాలకూ ఒకేసారి ఇవ్వకుండా, సగం విభాగాలకు ఇప్పుడు, మిగతా సగానికి ఆరు నెలల తర్వాత ఇవ్వండి. ఎవరు ముందన్నది చీటీలు వేసి తేల్చండి. ఆరు నెలల చివర రెండు సగాలనూ పోల్చండి. తేడా లేకపోతే ఒప్పందం పొడిగించకండి.

ఆ రోజునే మళ్లీ ఒక కొత్త ఉద్యోగిని పిలిచి, ఆఫీసు వైఫై ఆపేసి, సొంత ఫోన్‌లో మూడు రోజుల సెలవు పెట్టమనండి. గడియారం చూస్తూ, నోరు మెదపకుండా.